ఈటె పడిన చోటు

ముందు ఒక అంకె చెప్తాను, మనసులో పెట్టుకోండి: 104.80. ఇవి మీటర్లు. 1984 జూలై 20న బెర్లిన్‌లో ఉవే హాన్ అనే తూర్పు జర్మనీ కుర్రాడు ఈటెను అంత దూరం విసిరాడు. అప్పటికి ఆయనకు 22 ఏళ్ళు. ఆ దూరం ఎంతో కళ్ళకు కట్టాలంటే కబడ్డీ కోర్టును తలుచుకోండి. పొడవు 13 మీటర్లు. అట్లాంటివి ఎనిమిది కోర్టులు వరుసగా గీసి, మొదటి గీత దగ్గర నిలబడి విసిరితే, ఎనిమిదో కోర్టు చివరి గీత కూడా దాటి పడిందన్నమాట ఆ ఈటె. పోటీలో నూరు మీటర్లు దాటించినవాడు అంతకు ముందు లేడు. ఆ తర్వాత ఈ నలభై ఏళ్ళలోనూ రాలేదు.

ఇంత దూరం సంగతి మన కర్నూలు, కడప వాళ్ళకు ఎందుకు చెప్తున్నానంటే, కొలిచిన దూరానికి విలువ ఇవ్వడం మనకు ఎవరూ నేర్పక్కరలేదు. తిరునాళ్ళలో బండలాగుడు పందెం చూసిన కళ్ళు మనవి. పాలపళ్ళ విభాగమో, ఆరుపళ్ళ విభాగమో, ఇచ్చిన నిమిషాల్లో ఎడ్లజత బండను ఎన్ని అడుగులు లాగింది, ఆపైన ఎన్ని అంగుళాలు అని మైకులో చెప్తుంటే జనం మాట్లాడటం ఆపేసి వింటారు. ఆళ్ళగడ్డ వైపు చూడండి, ప్రొద్దుటూరు వైపు చూడండి, ఏ ఏడాది ఎవరి ఎడ్లు ఎంత లాగాయో నోటికి చెప్పే పెద్దాయన ఒకరు ఉండనే ఉంటారు. ఆ పెద్దాయన పక్కన కూర్చుని జావెలిన్ పోటీ చూస్తే ఎంత బాగుంటుందో అనిపిస్తుంది నాకు. ఆయనకు ఆట నియమాలు తెలియకపోయినా, టేపు లాగే వేళకు ముందుకు వంగి చూస్తాడు.

ఆ టేపు లాగడం ఒకసారి దగ్గరగా చూడాల్సిందే. ఈటె ఇనప మొన నేలకు తగిలిన చోట ఒకాయన గుర్తు పెట్టి, టేపు సున్నా కొసను అక్కడ పట్టుకుంటాడు. రెండో ఆయన టేపును పరుగుబాట మీదికి లాక్కొస్తాడు. ఆ బాట చివర తెల్లగా విల్లులా వంగిన గీత ఉంటుంది. 8 మీటర్ల వ్యాసార్ధమున్న వలయంలోది ఆ ముక్క. టేపు ఆ వలయం కేంద్రం మీదుగా పోవాలి, కొలత మాత్రం గీత లోపలి అంచు దగ్గర చదవాలి. సెంటీమీటరుకు తక్కువ ఉన్న మిల్లీమీటర్లన్నీ వదిలేస్తారు. పైకి కలపరు, కిందికే దించుతారు. విసిరినవాడి కాలు గీతకు తగిలినా చాలు, ఈటె ఎంత దూరం పోయినా ఎర్రజెండా లేస్తుంది. ఈటె నేలలో గుచ్చుకుని నిలబడాలని చాలామంది అనుకుంటారు. అక్కరలేదు. మొన ముందు తగిలితే చాలు. మన వైపు ఎండాకాలంలో నేల గట్టిపడి ఈటె మొన తాకి జారిపోతుంది. అప్పుడు గుర్తు పెట్టేవాడి చూపు మీదే అంతా ఆధారపడుతుంది.

ఉవే హాన్ దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆ 104.80 వేసిన కొన్ని రోజులకే లాస్ ఏంజెలిస్‌లో ఒలింపిక్స్. సోవియట్ కూటమి ఆ పోటీలను బహిష్కరించింది, తూర్పు జర్మనీ కూడా పోలేదు. అక్కడ ఫిన్లాండ్ వాడు ఆర్టో హార్కోనెన్ 86.76తో బంగారు పతకం తీసుకున్నాడు. భూమ్మీద అందరికంటే ఎక్కువ దూరం విసిరినవాడు ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత గాయాలు, శస్త్రచికిత్సలు. ఒలింపిక్ మైదానంలో అడుగు పెట్టకుండానే హాన్ ఆట ముగిసింది. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు కష్టంగానే ఉంటుంది ఇది.

ఆయన రికార్డు మాత్రం ఇంకో దారి పట్టింది. నూరు మీటర్లు దాటితే ఈటె అవతలి వైపు పరుగుబాట దాకా పోతుంది, స్టేడియం చాలదు. పైగా పాత ఈటె గాలిలో తేలుతూ పోయి, నేలకు బల్లపరుపుగా వాలేది. మొన ముందు తగిలిందా, నడుము ముందు తగిలిందా అని ప్రతి పోటీలో తగవు. అందుకని 1986లో పురుషుల ఈటె రూపమే మార్చేశారు. బరువు అదే 800 గ్రాములు. గరిమనాభిని మాత్రం నాలుగు సెంటీమీటర్లు ముందుకు జరిపారు. ఆ నాలుగు సెంటీమీటర్లతో కథ మారిపోయింది. ఈటె ముక్కు తొందరగా కిందికి వంగడం మొదలుపెట్టింది, దూరం దాదాపు పదోవంతు తగ్గింది, మొన దిగడం స్పష్టంగా కనబడింది. రికార్డుల పుస్తకం కొత్తగా తెరిచారు. తొలి పేరు పశ్చిమ జర్మనీ వాడు క్లాస్ టాఫెల్‌మయర్‌ది, 85.74. హాన్ అంకె పాత పుటల్లో, ఎవరూ ముట్టుకోలేని చోట ఉండిపోయింది.

ఆడవాళ్ళ ఈటె బరువు 600 గ్రాములు. 1988లో తూర్పు జర్మనీ వనిత పెట్రా ఫెల్కె సరిగ్గా 80.00 మీటర్లు విసిరింది. 1999లో ఆ ఈటెనూ మార్చారు. కొత్తదానితో చెక్ దేశస్థురాలు బార్బొరా స్పొటకోవా 2008లో స్టుట్‌గార్ట్‌లో వేసిన 72.28 ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

పురుషుల కొత్త ఈటె వచ్చాక జనం ఊరుకోలేదు లెండి. తోక భాగాన్ని గరుకుగా చేస్తే గాలిలో ఎక్కువ సేపు నిలుస్తుందని కనిపెట్టారు. దాంతో దూరాలు మళ్ళీ ఎగబాకాయి. ఫిన్లాండ్ సెప్పో రాటీ 96.96 దాకా పోయాడు. 1991లో ఆ గరుకు తోకల్ని నిషేధించి, వాటితో వేసిన రికార్డులన్నీ కొట్టేశారు. ఆ గందరగోళమంతా తీరాక నిలబడిన మనిషి యాన్ జెలెజ్నీ. చెక్ దేశం. 1992, 1996, 2000 - మూడు ఒలింపిక్స్, మూడు బంగారాలు. 1996 మే 25న జర్మనీలోని యేనా ఊళ్ళో 98.48 విసిరాడు. ఇప్పటి ఈటెతో ప్రపంచ రికార్డు అదే. 2020లో జర్మనీ జొహానెస్ వెట్టర్ 97.76 వేసి ఆయనకు బాగా దగ్గరకొచ్చాడు. తక్కువైంది 72 సెంటీమీటర్లు.

ఇక్కడో ముచ్చట చెప్పాలి. హాన్, జెలెజ్నీ - పాత ఈటె రాజు ఒకరు, కొత్త ఈటె రాజు ఒకరు. ఈ ఇద్దరూ మన నీరజ్ చోప్రాకు గురువులయ్యారు. 2018లో కామన్వెల్త్, ఆసియా క్రీడల బంగారాలు గెలిచిన రోజుల్లో హాన్ శిక్షణ ఇచ్చాడు. టోక్యో ఒలింపిక్స్‌కు తయారు చేసింది జర్మనీ ఆయనే, క్లాస్ బార్టోనీట్జ్. పారిస్ ఒలింపిక్స్ తర్వాత నీరజ్ జెలెజ్నీ దగ్గరికి పోయాడు. హర్యానాలో పానిపట్టు దగ్గర ఖండ్రా అనే పల్లెలో సేద్యం చేసుకునే ఇంటి పిల్లవాడు, ఒళ్ళు తగ్గించుకోవడానికని పెద్దలు మైదానానికి పంపిస్తే అక్కడ ఈటెను చూసి మనసు పారేసుకున్నాడు. 2016లో పోలండ్‌లో 86.48 విసిరి అండర్-20 ప్రపంచ రికార్డు పట్టాడు. 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58తో ఒలింపిక్ బంగారం. ఇదంతా మీకు తెలిసిందే.

నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాతి ఆరు సెంటీమీటర్ల గురించి. 2022 జూన్ 30న స్టాక్‌హోమ్‌లో నీరజ్ 89.94 వేశాడు. 90కి ఆరు సెంటీమీటర్లు తక్కువ. బెత్తెడు కూడా లేదు. అది పూడ్చడానికి దాదాపు మూడేళ్ళు పట్టింది. ఈ నడుమ బుడాపెస్ట్‌లో ప్రపంచ విజేత అయ్యాడు, పారిస్‌లో 89.45తో రజతం తీసుకున్నాడు, తొంటి దగ్గర నొప్పితోనే పోటీలు లాగాడు. పోయిన చోటల్లా ఒకటే ప్రశ్న, తొంభై ఎప్పుడని. 2025 మే 16న దోహాలో మూడో ప్రయత్నంలో 90.23 పడింది. ఆ రాత్రి గెలిచింది మాత్రం ఆయన కాదు. జర్మనీ జూలియన్ వెబర్ ఆఖరి విసురులో 91.06 వేశాడు. నీరజ్ ముఖంలో సంతోషం తగ్గలేదు. రెండో జత ఎడ్ల రైతు తన ఎడ్ల మెడ నిమురుతూ నిలబడటం చూసినవాళ్ళకు ఆ సంతోషం అర్థమవుతుంది.

పారిస్‌లో గెలిచిన అర్షద్ నదీమ్ సంగతి ఇంకా గొప్పది. పాకిస్తాన్ పంజాబులో మియాఁ చన్నూ దగ్గరి పల్లె. తండ్రి తాపీ పని చేసేవాడు. పిల్లవాడికి క్రికెట్ పిచ్చి. ఒలింపిక్స్ ఏడాది కూడా చేతిలో ఉన్నది ఏళ్ళ నాటి పాత ఈటె. కొత్తది కావాలని బయటకు అడగాల్సి వచ్చింది. ఆ మాట విని నీరజ్ కూడా ఆయన తరఫున మాట్లాడాడు. ఆ చెయ్యి 2024 ఆగస్టు 8న 92.97 విసిరింది. 2008 నుంచి ఉన్న 90.57 ఒలింపిక్ రికార్డు ఎగిరిపోయింది. అదే రాత్రి చివర్లో ఇంకొకటి, 91.79. బంగారం చేజారిన నీరజ్ తల్లి సరోజ్ దేవి, గెలిచినవాడు కూడా మా బిడ్డేనని చెప్పింది. మన ఇళ్ళల్లో అమ్మలు అనే మాటే అది, అందుకే మన దగ్గర కూడా అంతమంది దాన్ని పదే పదే చెప్పుకున్నారు.

ఇట్లాంటి చిన్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ పేర్లు ఈ ఆటలో ఎన్ని ఉన్నాయో చూడండి. కెన్యా అంటే పరుగుల దేశం. అక్కడ జూలియస్ యెగో నేర్పేవాళ్ళు లేక యూట్యూబులో జెలెజ్నీ వీడియోలు చూసి నేర్చుకున్నాడు. 2015లో బీజింగ్‌లో 92.72 వేసి ప్రపంచ విజేత అయ్యాడు. ట్రినిడాడ్‌లో టోకో అనే సముద్రపు ఒడ్డు పల్లె కుర్రాడు కెషోర్న్ వాల్కాట్ క్రికెట్ ఆడుకునేవాడు. 19 ఏళ్ళకు 2012 లండన్ ఒలింపిక్స్ గెలిచాడు. మళ్ళీ పదమూడేళ్ళకు, 2025లో టోక్యోలో 88.16తో ప్రపంచ విజేత. ఆ పోటీలోనే ఉత్తరప్రదేశ్ బాగ్‌పత్ జిల్లా వాడు సచిన్ యాదవ్ 86.27 వేసి నాలుగో స్థానంలో నిలిచాడు. కంచు పతకానికి 40 సెంటీమీటర్లు తక్కువ. ఈ సచిన్ కూడా మొదట ఫాస్ట్ బౌలరే. ఒడిశా పూరీ జిల్లా కిషోర్ జెనా వాలీబాల్ నుంచి వచ్చి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 87.54 విసిరాడు. మీరట్ దగ్గరి అన్ను రాణి చెరుకు గడలు విసురుతూ మొదలుపెట్టి, 63.82తో జాతీయ రికార్డు తన పేరున రాసుకుంది.

ఒలింపిక్ ఫైనల్ అయినా, ప్రపంచ పోటీల ఫైనల్ అయినా, ఈటె పట్టిన చేతుల్లో తెలుగు చెయ్యి ఇంకా కనబడలేదు. ఇది నన్ను కలతపెట్టే సంగతి. ఎందుకంటే మన చేతుల్లో సత్తువ లేక కాదు. మన సీమలో జొన్నచేలకు కాపలా ఉన్నవాళ్ళు మంచె మీద నిలబడి ఒడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలేవాళ్ళు. పిట్టల గుంపు ఏ మూల వాలితే రాయి ఆ మూలకు పోయేది. గుండు ఎత్తే పందేలు, ఇరుసు ఎత్తే పందేలు ఇప్పటికీ ఉన్నాయి. ఇక ఆదివారం పొద్దున ఏ ఊరి బయటికైనా పోండి. కోతలయిన చేనులో పిల్లోళ్ళు క్రికెట్ ఆడుతుంటారు. బౌండరీ నుంచి బంతిని ఒక్క ఊపులో కీపర్ చేతికి పంపే వాడొకడు ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. వాడి మీద నా కన్ను.

పల్లె ఆటకూ ఈటెకూ ఎంత దగ్గరి చుట్టరికమో చెప్పే కథ ఒకటి ఉంది. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ జాతి వాళ్ళకు ఇనప కడ్డీ విసిరే పాత ఆట ఒకటుంది. ఫెలిక్స్ ఎరౌస్కిన్ అనే ఆయన అందులో ఆరితేరినవాడు. 1956లో, యాభై ఏళ్ళకు దగ్గరపడుతున్న వయసులో, ఆ ఆట ఒడుపును ఈటెకు పెట్టాడు. చేతికి సబ్బు రాసుకుని, గుండ్రంగా తిరిగి, అరచేతిలోంచి ఈటెను జారవిడిచాడు. 83 మీటర్లు దాటింది. అప్పటి ప్రపంచ రికార్డుకు అంగుళాల దూరం. అట్లా తిరిగి వదిలితే ఈటె ఎటు పోతుందో చెప్పలేం, చూసేవాళ్ళ ప్రాణాలకే ముప్పు. అందుకని ఆ ఏడాదే దాన్ని ఆపేశారు. ఈటెను భుజం మీదుగానే విసరాలి, వీపు గీత వైపు పెట్టి తిరగకూడదు అనే నియమం ఆ భయం నుంచి గట్టిపడింది. ఒడిసెల తిప్పినట్టు తిప్పితే మనకూ ఎర్రజెండానే.

క్రికెట్ విసురుకూ దీనికీ తేడా మోచేతి దగ్గర వస్తుంది. బంతిని పక్క నుంచి, మోచెయ్యి కిందికి వాల్చి కూడా కొట్టొచ్చు. ఈటెను అట్లా విసిరితే మోచెయ్యి పోతుంది. నీరజ్ అంతటివాడికే 2019లో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. ఇందులో చెయ్యి వెనకాలే ఉండిపోవాలి. ముందు కాలు, తర్వాత నడుము, తర్వాత భుజం, ఆపైన మోచెయ్యి, అన్నిటికంటే ఆఖర్న వేళ్ళు. కుడిచేతి వాటం వాడైతే ఎడమ కాలు నేలకు తన్నిపెట్టి ఆగిపోతాడు. మోకాలు వంగకూడదు. పరుగెత్తుకొచ్చిన వేగమంతా ఆ కాలి దగ్గర ఆగి, ఒంట్లోంచి పైకి ఎక్కి, చేతి కొసకు పోతుంది. తొంభై మీటర్ల విసురులో ఈటె చెయ్యి వదిలే వేగం గంటకు 100 కిలోమీటర్ల పైమాటే. గుర్తుంచుకోండి, ఈటె బరువు అయిదు క్రికెట్ బంతులంత.

మన వైపు ఏం లేదని కాదు. కడపలో పుట్లంపల్లి దగ్గర వైఎస్సార్ క్రీడా పాఠశాల ఉంది. నాలుగో తరగతిలో పిల్లల్ని తీసుకునేటప్పుడు పరుగు, నిలబడి ముందుకు దూకడం, మెడిసిన్ బాల్ విసరడం లాంటి పరీక్షలు పెడతారు. ఆ మెడిసిన్ బాల్ దూరం రాసుకునే కాగితంలోనే రేపటి ఈటె చెయ్యి దాగి ఉంటుందని నా నమ్మకం. కర్నూలులో స్టేడియం ఉంది, తెల్లవారుజామున అక్కడికి వచ్చే పిల్లలున్నారు. అనంతపురంలో ఆర్‌డీటీ మైదానాలున్నాయి. కావాల్సింది పల్లె బడి దాకా ఈటె రావడం. వెదురు ఈటె అయినా చాలు మొదట్లో, చాలా బళ్ళల్లో వాడుతున్నది అదే. పద్దెనిమిది లోపు మగపిల్లలకు 700 గ్రాములది, ఆడపిల్లలకు 500 గ్రాములది. ఎదుగుతున్న పిల్లవాడి చేతికి 800 గ్రాములది ఇచ్చి ఎంత దూరం పోతుందో చూద్దాం అనే పెద్దల్ని చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ భుజం ఇంకో పదేళ్ళు పనికి రావాలి.

గాలి గురించి కూడా ఒక మాట. వంద మీటర్ల పరుగులోనూ, లాంగ్ జంప్‌లోనూ గాలి వెనక నుంచి గట్టిగా తోస్తే రికార్డు చెల్లదు. ఈటెకు ఆ లెక్క లేదు. ఎంత గాలిలో వేసినా పడిన దూరం పడినట్టే. ఆషాఢంలో మన బయళ్ళ మీద వీచే గాలి మీకు తెలుసు, తలగుడ్డ నిలవనివ్వదు. ఆ గాలికి ఎదురుగా ఈటె ముక్కు ఏ మాత్రం పైకి లేచినా పైకెగిరి వెనక్కి వాలుతుంది. అందుకని ఎదురుగాలిలో మొన దించి విసరడం నేర్పుతారు. మామూలుగా విసిరే కోణం 32 నుంచి 36 డిగ్రీల మధ్య. ఆషాఢ గాలిలో సాధన చేసిన చేతికి ఏ ఊరి గాలీ కొత్త కాదు.

2025 జూలై 5న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో నీరజ్ పేరు మీదే పెద్ద పోటీ పెట్టారు. నీరజ్ 86.18తో మొదట, యెగో 84.51తో రెండు, శ్రీలంక వాడు రుమేశ్ పతిరాగె 84.34తో మూడు. కర్నూలు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే నేరుగా దిగేది ఆ ఊళ్ళోనే. మళ్ళీ అట్లాంటిది జరిగితే మీ ఊరి క్రికెట్ జట్టులో ఆ బౌండరీ కుర్రాణ్ణి వెంట తీసుకుపోండి. విసిరే చోటికి ఎదురుగా కాకుండా పక్కన కూర్చోబెట్టండి. ఎడమ కాలు ఆగే క్షణం పక్క నుంచే కనబడుతుంది.

అంత దూరం పోలేకపోతే ఆగస్టు 7 ఉండనే ఉంది. టోక్యో బంగారం గుర్తుగా ఆ తేదీని జాతీయ జావెలిన్ దినం చేశారు, రాష్ట్రాల అథ్లెటిక్స్ సంఘాలు ఆ రోజు పోటీలు పెడుతున్నాయి. మీ జిల్లాలో ఎక్కడ పెడుతున్నారో బడి పీఈటీ గారిని ముందే అడగండి. అడుగుతూనే, బడిలో ఈటె ఉందా, ఉంటే ఎన్ని గ్రాములది, ఆఖరిసారి బయటికి తీసింది ఎప్పుడు అని కూడా అడగండి. తీసిన రోజున పిల్లలకు మొదట చెప్పాల్సింది దూరం సంగతి కాదు. ఈటెను నిలువుగా పట్టుకుని నడవాలి. ముందు బయలు ఖాళీ అయ్యేదాకా ఎవరూ విసరకూడదు. తెచ్చుకోవడానికి పరుగెత్తకూడదు, నడిచే పోవాలి. నేలలో నిలబడి ఉన్న ఈటె తోక సరిగ్గా పిల్లవాడి కంటి ఎత్తులో ఉంటుంది.